టోక్యోలో ఐదో స్థానం: గుర్‌బచన్ సింగ్ రంధావాను ఎందుకు తలుచుకోం?

సిక్కు అథ్లెట్ అనగానే అందరికీ మిల్ఖా సింగే గుర్తొస్తారు. రావాల్సిందే. కానీ 1964 టోక్యో ఒలింపిక్స్‌లో 110 మీటర్ల హర్డిల్స్ ఫైనల్‌ దాకా వెళ్లి ఐదో స్థానంలో నిలిచిన రంధావా పేరు చెబితే "ఎవరాయన?" అంటున్నారు. క్రీడలు తెలిసినవాళ్లు కూడా! ఇది నాకు అస్సలు మింగుడుపడదు.

ఆయన హర్డిల్స్ ఒక్కటే నమ్ముకున్న మనిషి కాదు. 1960 జాతీయ పోటీల్లో రెండే రోజుల్లో హైజంప్, జావెలిన్, హర్డిల్స్, డెకథ్లాన్ (రెండు రోజుల్లో పది అంశాల పోటీ), నాలుగింట్లో జాతీయ రికార్డులు కొట్టారు. 1961లో అర్జున అవార్డు పెడితే అథ్లెటిక్స్‌లో తొలి గ్రహీత ఆయనే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డెకథ్లాన్ స్వర్ణం తెచ్చారు. తొలిరోజు ఆఖర్న 400 మీటర్లు పరిగెత్తి, ఆ పట్టేసిన కాళ్లతోనే మర్నాడు మొట్టమొదట హర్డిల్స్ దాటాలి. డెకథ్లాన్ అంటే అదీ.

ఇక హర్డిల్స్ సంగతి. దారికి అడ్డంగా పెట్టిన ఒక్కో హర్డిల్ ఎత్తు 106.7 సెంటీమీటర్లు. పరుగు మొదలయ్యే గీత నుంచి మొదటిదానికి 13.72 మీటర్లు, ఆ తర్వాత ప్రతి రెండింటి మధ్యా 9.14 మీటర్లు. ఆ మధ్యలో వేసేది మూడే అంగలు. హర్డిల్‌కి మరీ దగ్గరికొచ్చి లేస్తే ఒళ్లు ముందుకి కాకుండా పైకి పోతుంది, గాల్లో ఎక్కువసేపు ఉంటాం, కాలు బరువుగా దిగుతుంది, వేగం చచ్చిపోతుంది. ఇక తర్వాతి మూడు అంగలూ చాలవు. అంగ సాగదీసి అందుకోబోతే వెనక కాలి మోకాలు పక్కకి తిరిగేలోపే హర్డిల్‌కి కొట్టుకుంటుంది. ఒక్కచోట తప్పితే మిగతావన్నీ తప్పుతాయి. పైగా టోక్యోది నేటి సింథటిక్ ట్రాక్ కాదు, బొగ్గు నుసి పరిచిన సిండర్ ట్రాక్. అడుగు తోసిన ప్రతిసారీ నేల కాస్త కదులుతుంది.

అలాంటి ట్రాక్ మీద ఆయన టైమింగ్ 14.0 సెకన్లు. స్వర్ణం గెలిచిన అమెరికన్ హేస్ జోన్స్‌ది 13.6, కాంస్యం 13.7. కాంస్యానికీ ఆయనకీ తేడా 0.3 సెకన్లు. పది హర్డిల్స్‌కి పంచితే ఒక్కోదానికి 0.03. రెప్పపాటు కూడా కాదు! ఆ 14.0 జాతీయ రికార్డుగా 29 ఏళ్లు చెక్కుచెదరలేదు.

మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ పుణ్యమా అని ఇప్పుడు తెలుగు పత్రికల్లో హర్డిల్స్ వార్తలు వస్తున్నాయి. సంతోషం. అలా రాసేటప్పుడు భారత హర్డిల్స్ చరిత్రని టోక్యో 1964 నుంచి మొదలుపెట్టండి. "పతకం రాలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా, పక్కన ఆ 14.0 కూడా వేయండి.