మునిగేవాళ్ళ ఫోన్ ఒడ్డునే ఉంటుంది

2004 డిసెంబర్ 26 ఆదివారం, పైగా పౌర్ణమి. మచిలీపట్నం పక్కన మంగినపూడి బీచ్‌లో పొద్దున్నే పుణ్యస్నానాలకి దిగినవాళ్ళలో కొంతమంది మళ్ళీ ఇంటికి రాలేదు. సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది మన టైమ్ ప్రకారం ఉదయం 6:29కి, సునామీ నీళ్ళు మన ఒడ్డు మీదకి వచ్చేసరికి దాదాపు 9. అంటే చేతిలో రెండున్నర గంటలున్నాయి, అయినా నీళ్ళలోంచి బయటికి రండి అని కేకేసినవాడు లేడు, ఎందుకంటే ఆ కబురు చెప్పే ఆఫీసే అప్పటికి దేశంలో లేదు. ఆంధ్రాలో వందమందికి పైగా, దేశం మొత్తం మీద 10 వేలమందికి పైగా పోయారు.

ఇప్పుడు ఆఫీసుంది, అదీ మన హైదరాబాద్‌లోనే. సముద్రం సంగతులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్‌లో 2007 అక్టోబర్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు, హిందూ మహాసముద్రంలో ఎక్కడ పెద్ద భూకంపం వచ్చినా పది నిమిషాల్లోపు మొదటి బులెటిన్ ఇచ్చేలా, ఆ తర్వాత సముద్రంలో తేలుతూ కొలతలు పంపే బోయ్‌లు, పోర్టుల్లో నీటిమట్టం కొలిచే మీటర్లు చూసి అల నిజంగా బయల్దేరిందా లేదా తేల్చేలా. వాళ్ళ పని మీద మాకు పెద్దగా అనుమానాల్లేవు. మా గొడవంతా ఆ బులెటిన్ కలెక్టరేట్‌కి వచ్చాక ఏమవుతుందన్నదే.

ఎందుకంటే మన కేసు వేరు. సుమత్రా పక్కనే సిమెలూ అని ఒక దీవి ఉంది, 2004లో భూకంపం పుట్టిన చోటికి చాలా దగ్గర, అయినా అక్కడ 70 వేలకి పైగా జనాభాలో పోయింది ఏడుగురే అంటారు. 1907లో ఒకసారి సముద్రం ఊళ్ళ మీద పడ్డాక తాతలు మనవళ్ళకి చెప్పుకుంటూ వచ్చారట, భూమి గట్టిగా ఊగి నీళ్ళు వెనక్కి పోతే ఏదీ చూసుకోకుండా కొండెక్కెయ్యమని. మనకి ఆ సౌకర్యం లేదు. భూకంపం వెయ్యి కిలోమీటర్లకి పైగా అవతల వస్తుంది, ఇక్కడ మహా అయితే ఫ్యాన్ కాస్త ఊగుతుంది, చాలామందికి అదీ తెలియదు. మన కాళ్ళ కింద భూమి చెప్పదు కాబట్టి ఎవరో ఒకరు చెప్పాల్సిందే. ఇక కొండ సంగతంటారా, విశాఖలో అయితే ఉన్నాయి, దివిసీమలో కొండెక్కడుంది చెప్పండి? అక్కడ పైకి పోవడమంటే గట్టి కాంక్రీట్ బిల్డింగ్ రెండో అంతస్తుకో, తుఫాను షెల్టర్ పైకో పోవడమే. ఆ షెల్టర్ తాళం ఎవరి దగ్గరుందో ఊళ్ళో ఎంతమందికి తెలుసు?

1977 నవంబర్ ఉప్పెన తర్వాత తుఫాను విషయంలో మనం చాలా నేర్చుకున్నాం, ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ అలవాటే ఇక్కడ అడ్డం పడేలా ఉంది. తుఫాను మూడు నాలుగు రోజుల ముందే చెప్పి వస్తుంది, ఒకటో నెంబర్ హెచ్చరిక, మూడో నెంబర్ హెచ్చరిక, మంత్రిగారి సమీక్ష, బియ్యం లారీలు, ఆ తర్వాత ఖాళీ చేయించడం. సునామీకి సమీక్ష పెట్టే టైమ్ ఉండదు, ఎండ కాస్తున్నప్పుడే వస్తుంది. చేపల వేటకెళ్ళినవాళ్ళకి చెప్పాల్సిందీ తలకిందులే: తుఫానైతే ఒడ్డుకి వచ్చెయ్యమంటాం, సునామీకి మాత్రం లోతు నీళ్ళలోనే ఉండిపొమ్మనాలి, అక్కడ అల మీటరు ఎత్తు కూడా ఉండదు, పడవ కింద నుంచి వెళ్ళిపోయినా తెలియదు, చంపేది ఒడ్డు దగ్గరే. అలాగే మొదటి అల వెనక్కి పోగానే వలలు చూసుకుందామని పరిగెత్తకూడదు, తర్వాత వచ్చేది ఇంకా పెద్దది కావొచ్చు, అలలు గంటల తరబడి వస్తూనే ఉంటాయి.

2023లో దేశమంతా ఫోన్లు ఒక్కసారిగా గట్టిగా మోగాయి గుర్తుందా, ఎమర్జెన్సీ అలర్ట్ టెస్ట్ అది, సగం మంది వైరస్ అనుకుని భయపడ్డారు. మంచి ఏర్పాటే, కాదనం. కానీ కార్తీక పౌర్ణమి తెల్లారుజామున సూర్యలంక వెళ్ళి చూడండి. అరటి దొప్పల్లో దీపాలు, తడి చీరల్లో ఆడవాళ్ళు, పిల్లల్ని భుజాలకెత్తుకున్న నాన్నలు, ఫోన్లన్నీ ఒడ్డున సంచిలో నాయనమ్మ కాపలాలో. వెనక బాపట్ల వైపు రోడ్డంతా ఆటోలు, బస్సులు, కార్లు. అలర్ట్ వచ్చిందే అనుకుందాం, ఎవరు చూస్తారు, చూసినా ఎటు పోతారు?

ఒడిశా వాళ్ళు ఈ పని మొదలుపెట్టేశారు. అక్కడ వెంకట్రాయ్‌పూర్, నోలియాసాహి అనే రెండు ఊళ్ళకి 2020లోనే యునెస్కో సంస్థ సునామీ రెడీ గుర్తింపు వచ్చింది, 2024లో ఒకేసారి 24 ఊళ్ళకి సర్టిఫికెట్లు ఇచ్చారు. చేసిందేమీ రాకెట్ సైన్స్ కాదు, నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో మ్యాప్, ఎటు పరిగెత్తాలో బోర్డులు, ఎవరు ఎవర్ని తీసుకెళ్ళాలో లిస్టు, మధ్యమధ్యలో డ్రిల్. ఆ తీరంలో జాలర్లు చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు, శ్రీకాకుళం వాళ్ళకి చుట్టాలే. సరిహద్దుకి ఇవతలున్న చుట్టాలకి ఆ గుర్తింపు ఎందుకు రాదో మన విపత్తుల శాఖే చెప్పాలి.

2012 ఏప్రిల్ 11న 8.6 భూకంపానికి అలర్ట్ ఇచ్చి తర్వాత ఎత్తేశారు, సముద్రం అడుగున భూమి పలకలు పక్కకి జరిగాయి గానీ పైకి లేవలేదు కాబట్టి పెద్ద అల పుట్టలేదు. ఏమీ రాలేదు కదా అని అప్పట్లో నవ్వుకున్నవాళ్ళున్నారు. అలాంటి ఉత్తుత్తి పరుగులు పదిసార్లు పెట్టినా మాకు అభ్యంతరం లేదు.

ప్రభుత్వాన్ని మేం అడిగేది పెద్ద బడ్జెట్ కాదు. స్నానాలు జరిగే ప్రతి బీచ్‌లో సైరన్, అది కరెంట్ పోయినా మోగాలి. రాత్రి రెండింటికైనా సరే పైనుంచి ఆర్డర్ కోసం ఆగకుండా దాన్ని నొక్కే అధికారం ఎవరిదో ఒక పేరు, ఆ పేరు పంచాయతీ గోడ మీద రాసి ఉండాలి. కొత్త రిసార్ట్‌లకి పర్మిషన్ ఇచ్చేటప్పుడు ఊరి జనం బయటపడే దారికి గోడ కట్టకుండా చూడాలి. మొదటి డ్రిల్ ఈ కార్తీక పౌర్ణమికి ముందు ఆదివారం పెట్టండి, ఆటోవాళ్ళతో సహా.