తక్కువ చేసే మాట

‘డెరోగటరీ’, అంటే తక్కువ చేసే, అనే ఇంగ్లీషు మాట నాకు మొదట ఎదురైంది క్రెడిట్ రిపోర్టులో, అప్పులూ బిల్లులూ ఎలా కడుతున్నామో చూపే చిట్టాలో. అమెరికా వచ్చిన కొత్త అది. కార్డు బిల్లు నెల దాటినా కట్టకపోతే ‘డెరోగటరీ మార్క్’ పడుతుందని, 7 ఏళ్ల దాకా పోదని రూమ్మేట్ చెబితే చాలా టెన్షన్ పడ్డాను.

పోయిన నెల మా అమ్మాయి నోట మళ్లీ అదే మాట విన్నాను. ఆ రోజు భోజనానికి వచ్చిన స్నేహితుడొకాయన, ఇల్లు కొనడం గురించి మాట్లాడుతూ ‘ఆ ఏరియాలో నల్లోళ్లు ఎక్కువండీ, వద్దనుకున్నాం’ అన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. వాళ్లు వెళ్లాక అమ్మాయి వచ్చి, ‘నాన్నా, నల్లోళ్లు అనేది డెరోగటరీయా?’ అని అడిగింది. ‘మామూలు మాటేనమ్మా, రంగును బట్టి అంటారంతే’ అన్నాను. నేను చెప్పింది తప్పని నాకు అప్పుడే తెలుసు.

‘డెరోగటరీ’ అనే మాటకు మూలం లాటిన్‌లోని ‘డెరోగారే’. రోమన్లు ఒక చట్టాన్ని పూర్తిగా రద్దు చేయడాన్ని ‘అబ్రోగారే’ అనేవారు. చట్టాన్ని ఉంచి, అందులో కొంత తీసేస్తే అది ‘డెరోగారే’. మనుషుల విషయంలోనూ జరిగేది ఇదే. ఎదుటివాడు మనిషే కాదని ఎవరూ అనరు. అతనికి దక్కాల్సిన విలువలో కొంత కోసేస్తారు. ‘తక్కువ చేసి మాట్లాడటం’ అని మన ఇళ్లల్లో అనేది అచ్చంగా దీన్నే.

డెరోగటరీ వ్యాఖ్యలను మన పత్రికలు మాత్రం తరచుగా ‘అనుచిత వ్యాఖ్యలు’ అని రాస్తాయి. నాకు ఈ అనువాదం నచ్చదు. సంతాప సభలో జోకు వేసినా అనుచితమే కదా! అందులో మాట్లాడినవాడి మర్యాదలోపం కనిపిస్తుంది కానీ, దెబ్బ ఎవరికి తగిలిందో కనిపించదు. ‘కించపరిచే వ్యాఖ్యలు’ అంటే మాత్రం, ఎవరిని అని వెంటనే అడుగుతాం.

అలాగని ప్రతి విమర్శనూ ఈ గాటన కట్టకూడదు. ‘ఈ లెక్క తప్పు’ అంటే దిద్దడం. ‘మీవాళ్లకు లెక్కలెక్కడ వస్తాయి’ అంటే కించపరచడం. ఒకసారి మీటింగులో ఒకతను నేను చెప్పేది వినకుండా, నా యాసను అనుకరించి నవ్వాడు. అతను నన్ను తిట్టలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెలుగులోనూ ఇందుకు తిట్లు అక్కర్లేదు. ‘గారు’లో ఒక్క అక్షరం మారిస్తే ‘గాడు’ అవుతుంది. చిన్ననాటి స్నేహితుడు నన్ను ‘గాడు’ చేర్చి పిలిస్తే ప్రాణం లేచి వస్తుంది. అదే మాట పని చేసిపెట్టేవాడి పేరు వెనకాల పడితే ముద్దు కాదు. డాక్టరు గారు వచ్చారంటాం, గడ్డి కోసే మెక్సికన్ వచ్చాడంటాం. ఇల్లు శుభ్రం చేసే ఆమెనైతే ‘అది ఇంకా రాలేదా’ అంటాం. ఇక్కడి పిల్లలు తెలుగు నేర్చుకునేది ఎక్కువగా మన నోటి నుంచే. ఎవరికి ‘గారు’ దక్కుతుందో, ఎవరికి దక్కదో కూడా అక్కడే నేర్చుకుంటున్నారు.

మనలో మనం చేసుకునేదీ తక్కువేం కాదు. తెలంగాణ యాసను రౌడీలకూ, శ్రీకాకుళం యాసను నవ్వించే పాత్రలకూ అంటగట్టిన సినిమాలు చూసి పెరిగాం. ఆ అలవాటే మన సంఘాల స్టేజీల మీదికీ వచ్చింది. ఉగాది స్కిట్‌లో పనిమనిషి పాత్ర రాగానే శ్రీకాకుళం యాస మొదలవుతుంది. హాల్లో శ్రీకాకుళం వాళ్లూ కూర్చుని ఉంటారు. స్కిట్లు ఎంపిక చేసే కమిటీలు ఇలాంటివి వెనక్కి పంపాలని నేను గట్టిగా కోరుతున్నాను. యాసతో ఎన్నో మంచి పాత్రలు రాయొచ్చు. ఆ యాసలో ఒక డాక్టరు, ఒక టీచరు మాట్లాడితే ఎంత బాగుంటుంది!

మొన్న రాత్రి అమ్మాయి గదికి వెళ్లి చెప్పాను. ‘ఆ రోజు నేను చెప్పింది తప్పమ్మా. అంకుల్ ఆ మాట అన్న తీరు డెరోగటరీయే. వాళ్లుంటే చాలు, ఆ ఇల్లు తక్కువైపోయినట్టు మాట్లాడారు.’

‘మరి అంకుల్‌కి చెప్తావా?’ అంది.

చెప్తానన్నాను. ఈ శనివారం వాళ్లింటికి భోజనానికి పిలిచారు.