సవరణ: బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ గురించి

మన నల్గొండ జిల్లా గిరిజన పిల్లలకు హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో ఒకటో తరగతి సీట్ల గురించి మొన్న రాస్తూ, అది స్వాతంత్ర్యం వచ్చాక పేద పిల్లల కోసం పెట్టిన సర్కారు బడి అన్నాను. అది తప్పు. పేరులో 'పబ్లిక్' చూసి నేనే పొరబడ్డాను. దేవరకొండ వైపు ఒక రిటైర్డ్ సారు చెబితే, ఆ స్కూలు ప్రచురించిన చరిత్ర తీసి చదివాను.

అది 1923లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, జాగీర్దార్ల, అంటే నిజాం ఇచ్చిన ఊళ్ల మీద శిస్తు వసూలు చేసుకునే దొరల, కొడుకుల కోసమే మొదలైంది. అప్పటి పేరు జాగీర్దార్ కాలేజీ. మన నల్గొండ పల్లెల్లో శిస్తు కట్టిన రైతు పిల్లలకు అందులో చోటు లేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. పబ్లిక్ స్కూల్ అన్న పేరు ఆ తర్వాతే వచ్చింది. ఇప్పటికీ అది సర్కారు బడి కాదు, ఒక సొసైటీ నడుపుతుంది.

సీట్ల మాట మాత్రం నిజమే. ప్రభుత్వం ఫీజు భరించి, జిల్లాల వారీగా లాటరీ తీసి పిల్లల్ని పంపుతుంది. తండాల్లో ఉన్న తల్లిదండ్రులు నా పాత పోస్టు చూసి నేరుగా స్కూలుకు వెళ్లకండి. జిల్లా గిరిజన సంక్షేమ శాఖ ఆఫీసులోనే అడగండి.