యాభై మూడు ప్రశ్నల దొరగారికి

శ్రీ ప్రశ్నావళి గారికి, పర్లాకిమిడి నుంచి నమస్కారాలు.

తమరి జన్మస్థలం అమెరికా. పిల్లలు ఎందుకు చదువుతారో తేల్చడానికి విగ్‌ఫీల్డ్, గత్రీ అనే పండితులు 1997లో తమర్ని 53 ప్రశ్నలు, కారణానికొకటి చొప్పున 11 గదులతో అచ్చెక్కించారు. నాకేమో చిన్నప్పట్నుంచీ కాగితం కనిపిస్తే వదలని జబ్బు. పల్లీలు తమ్ముడికిచ్చేసి పొట్లం కాగితం చదువుకునేవాణ్ణి. ఈ జబ్బుకు మూలమేమిటో చూద్దామనే పరిశోధనలో చేరి, తమర్ని తెలుగులోకి దించాను.

ఎలా దించాననుకున్నారు? "పఠనాభిలాషకు ప్రేరకములగు అంశములు" అని! వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడిన ఊళ్లో! 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసిందని ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. నా తర్జుమా చూసుంటే అంతకు ముందే బండెక్కేవారు.

మా వీధి పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. నింపినవాళ్లకు పెన్ను ఇస్తానన్నాను. తెలుగు అక్షరం ముక్క రాని ఒక బుడతడు 53 ప్రశ్నలకూ 4కి 4 పెట్టి చెయ్యి చాపాడు. బొమ్మలంటే ఇష్టమున్న పిల్లలకు గీస్తే బహుమతి అని ముందే చెబితే, ఆ తర్వాత వాళ్లు గీయడం తగ్గించేశారని స్టాన్‌ఫర్డ్ వాళ్లు 1973లోనే రాశారు. నేనది చదివాను, పరీక్షలో రాశాను, మార్కులూ కొట్టాను. అయినా పెన్నులు డజన్ల లెక్కన కొన్నాను.

ఇక మామ్మ సంగతి. కళ్లజోడుకి ఒక పుల్ల లేదు, దారంతో చెవికి చుట్టుకుంటుంది. నేను వెళ్లేసరికి వంటింటి గూట్లో డబ్బాలన్నీ దించి, చీపురు పక్కన పడేసి, అడుగున పరిచిన పాత పేపరు మీద వంగి ఉంది.

"సోమవారం వానలట బాబూ!"

ఆ పేపరుకు మూడేళ్లు. తమర్ని చేతికిస్తే తిప్పి తిప్పి చూసి, "ఏటిది, తెలుగేనా?" అంది.

"పోనీ, నువ్వెందుకు చదువుతావో చెప్పు మామ్మా."

"ఊరికినే. దానికీ కారణం ఏటుంటాది!"

తమరి పదకొండు గదులూ వెతికాను. పోటీకి గది ఉంది, మార్కులకుంది, మెప్పుకుంది. ఊరికినేకి లేదు. మా గైడు గారు "ఇతరములు" కింద వెయ్యమన్నారు.

మిగిలిపోయిన ప్రతులు మామ్మకే ఇచ్చేశాను. ప్రస్తుతం తమరు కందిపప్పు డబ్బా కింద క్షేమం. దసరాకి దులిపినప్పుడు 17వ ప్రశ్న దాకా చదివిందట. మిగతాది సంక్రాంతికి.

ఇట్లు,
తమరి తర్జుమాదారు