రుమేనియా అవాంట్‌గార్డ్ కథల్లో కాలం చచ్చిపోలేదు

రుమేనియా అవాంట్‌గార్డ్ (పాత పద్ధతుల్ని తోసేసి ప్రయోగాలకు దిగిన రచయితల) వచనం గురించి తరచూ వినిపించే మాట ఒకటుంది: ఈ రచయితలు కాలాన్ని చంపేశారట, ఇవన్నీ ముందూ వెనకా లేని కలలట, అదీ తర్కాన్నీ కళా సంప్రదాయాన్నీ ఎగతాళి చేసిన దాడా ఉద్యమాన్ని చూసి నేర్చుకున్నదట. కథలు చదివినవాళ్లు ఇలా అనగలరని నేననుకోను.

దాడా సంగతి ముందు తేల్చేద్దాం. అది 1916లో జ్యూరిక్‌లో పుట్టింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఈ రచయితల్లో ఒకడైన ఉర్ముజ్ తన కథల్ని స్నేహితులకు నోటితో చెప్పేవాడు. అచ్చయింది మాత్రం 1922లో, కవి అర్గేజి చొరవతో. అచ్చయిన ఏడాది చూసి ఎవరి వెనక ఎవరో తేల్చేస్తే ఎలా?

ఇక కాలం లేదన్న మాట. ఉర్ముజ్ బుకారెస్ట్‌లో కోర్టు గుమాస్తా. ఆయన 'ఇస్మాయిల్, తుర్నావితు' కథలో తుర్నావితు చాలాకాలం మురికి కాఫీ హోటళ్లలో వట్టి ఫ్యానుగా బతుకుతాడు. అక్కడి కంపు భరించలేక రాజకీయాల్లోకి దిగుతాడు. ఆ పలుకుబడితో ఫైర్ స్టేషన్ వంటగదిలో సర్కారీ ఫ్యానుగా పోస్టింగ్ సంపాదిస్తాడు. ఏడాదికోసారి కిరోసిన్ నింపిన డబ్బాగా మారి మయోర్కా, మినోర్కా దీవులకు ప్రయాణం కడతాడు. మనిషి ఫ్యాను కావడం వింతే. కానీ వరస చూడండి: పాత కొలువు, రాజకీయం, కొత్త కొలువు, ఏటేటా ప్రయాణం. తేదీలు లేవన్న మాటే గానీ అచ్చం సర్వీసు రిజిస్టరే. పోస్టింగ్‌ను రాజకీయానికి ముందుకు జరపండి, కథలో పసే పోతుంది. లంచగొండి కొలువుల మీద వేసిన దెబ్బంతా ఆ 'తర్వాత'లోనే ఉంది.

ఉర్ముజ్‌దే మరో కథ 'గరాటు, స్టమాటే'లో ఇంకో పద్ధతి. కొన్ని పేజీల కథకు 'నాలుగు భాగాల నవల' అని పేరుపెట్టి, ఒక సంసారాన్నంతా అందులో కుదించాడు. చివర్లో స్టమాటే బండెక్కి చిన్నవాడైపోతూ ఇప్పటికీ పరుగెడుతూనే ఉంటాడు. ఇది కాలాన్ని చంపడం కాదు, చివరిదాకా సాగదీయడం.

మరో రుమేనియా రచయిత మాక్స్ బ్లెకర్ పుస్తకాల్లో కాలం ఆగిపోతుందని కూడా అంటారు. వెన్నెముక క్షయతో ఏళ్ల తరబడి మంచం పట్టి 1938లో 28 ఏళ్లకే పోయాడాయన. 1937 నాటి ఆయన నవలలో ఎమాన్యుయేల్ పారిస్‌లో కెమిస్ట్రీ చదువుతూ ఆ జబ్బుతోనే ఫ్రాన్స్‌లోనే బెర్క్ సముద్రతీర శానిటోరియంకు (దీర్ఘరోగుల ఆసుపత్రికి) చేరతాడు. ఒంటికి ప్లాస్టర్ కడతారు. అప్పటినుంచి కట్టు వేసిన రోజు, కింద దురద పుట్టినా గోక్కోలేని గంటలు, కట్టు విప్పే రోజు. అక్కడ కాలం ఆగలేదు. పడుకున్నవాడి ఒంటిమీద ప్రతి గంటా బరువుగా కదులుతూనే ఉంది.