దరఖాస్తులో ఇమిడే ఉద్యమం

సంపన్న దాతలు ఉద్యమాల గొంతు నొక్కుతున్నారన్న అపవాదును ఈ వ్యాసకర్త తీవ్రంగా ఖండిస్తున్నాడు. గొంతు నొక్కడం మోటు పని. దాతలు చేసేదల్లా శ్రుతి సరిచేయడం. ఆపైన ఏ రాగం తీయాలో గ్రాంటు అందుకున్నవారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ సంప్రదాయం నిన్న మొన్నటిది కాదు. అమెరికా చమురు కుబేరుల కుటుంబం పెట్టిన దాతృత్వ సంస్థ రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ 1913లో ఏర్పడింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, ఆ కుటుంబానికి పెద్ద వాటా ఉన్న కంపెనీలో సమ్మె చేస్తున్న కొలరాడో బొగ్గుగని కార్మికుల గుడారాలపై లడ్లో వద్ద కాల్పులు జరిగి, నిప్పంటుకుని, స్త్రీలూ పిల్లలూ సైతం చనిపోయారు. ఫౌండేషన్ చేతులు కట్టుకుని కూర్చోలేదు. యజమానికీ కార్మికుడికీ ఎందుకు పొసగడం లేదో పరిశోధించమని, దరిమిలా కెనడా ప్రధాని అయిన మెకెంజీ కింగ్‌ను నియమించింది. ఆయన సలహా ఫలితంగా 1915లో ఆ గనులకు, బయటి యూనియన్‌తో నిమిత్తం లేని, కంపెనీ ఏర్పరచిన కార్మిక ప్రాతినిధ్య పథకం దక్కింది. యూనియన్ కావాలన్న కార్మికులు అడిగినదానికీ పొందినదానికీ తేడా వెతకడం కృతఘ్నత అనిపించుకుంటుంది.

పర్యావరణ సంస్థ సియెర్రా క్లబ్ 2007, 2010 మధ్య బొగ్గు వ్యతిరేక ప్రచారానికి సహజవాయువు పరిశ్రమ నుంచి 2.5 కోట్ల డాలర్లకు పైగా పుచ్చుకున్నదని 2012లో బయటపడింది. గ్యాసు అమ్మేవారికి బొగ్గు పొగ తగిలితే కళ్ళు చెమర్చడం సహజమే కదా.

దాతృత్వానికీ ఒక కొలత ఉంది. అమెరికాలో ప్రైవేటు ఫౌండేషన్ ఏటా తన పెట్టుబడి ఆస్తుల్లో సుమారు 5 శాతం వెచ్చిస్తే చాలు. దానధర్మాల నిర్వహణకయ్యే ఆఫీసు ఖర్చులూ అందులోకే వస్తాయి. మిగతా 95 శాతం మార్కెట్‌లో నిక్షేపంగా ఉండవచ్చు, ఏ సమస్యపై ఉద్యమించమంటారో ఆ సమస్యను పెంచే కంపెనీల వాటాల్లోనైనా సరే.

ఇక గ్రాంటు కోరే ఓ ఉద్యమ సంస్థ కార్యదర్శి గదిలోకి తొంగి చూద్దాం. దరఖాస్తు చిత్తుప్రతిలో మొదట ‘అద్దెలు తగ్గించాలి’ అని ఉంది. దాత పేరు మీద పది భవంతులున్నాయని గుర్తొచ్చి, ఆయన నోరు మెదపకముందే, కార్యదర్శి దాన్ని కొట్టేసి ‘గృహవసతిపై భాగస్వాముల సంభాషణ’ అని రాశాడు. ఏడాది తిరిగేసరికి నివేదిక తయారైంది: సమావేశాలు ఆరు, కరపత్రాలు రెండు వేలు, ఫొటోలు జతపరచడమైనది. అద్దెల సంగతి రాయడానికి ఆ పత్రంలో గడి లేదు.