ట్రాక్ ప్యాంటు నడుము ఎలాస్టిక్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎలాస్టిక్ గారికి,

నాలుగో కిలోమీటరు దగ్గర, ఒక్క ముక్కైనా ముందుగా చెప్పకుండా, తమరు విధుల నుంచి తప్పుకున్న నాటి నుంచి ఈ లేఖ రాయాలనుకుంటూనే ఉన్నాను. ఆ రోజు మిగిలిన దూరమంతా ఒక చేతిని ప్యాంటుకు అప్పగించి, రెండో చేతిని మాత్రమే పరుగుకు కేటాయించి ఇల్లు చేరాను. ఎదురుపడినవాళ్లు కడుపునొప్పి కాబోలనుకొని జాలిపడ్డారు. ఆ అపోహను తొలగించడం నాకే మంచిది కాదనిపించి ఊరుకున్నాను. ఏ పనికైనా నడుం బిగించమని చెప్పిన పెద్దలు, ఆ బిగింపు తమరి దయాధర్మం మీద ఆధారపడి ఉంటుందని మాత్రం చెప్పలేదు.

తమరిది చిన్న వంశమేమీ కాదు. 1820లో థామస్ హ్యాన్‌కాక్ అనే ఆంగ్లేయుడు చేతి తొడుగులకూ మేజోళ్లకూ సాగే రబ్బరు పట్టీలు అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త స్పాండెక్స్ అనే సాగే కృత్రిమ దారాన్ని రూపొందించాడు. ఆ దారం తన పొడవుకు ఐదు రెట్లు సాగి కూడా బుద్ధిగా మళ్లీ మొదటి కొలతకు వచ్చేస్తుంది. ఇంతటి పరంపరలో పుట్టినవారు, పట్టూ విడుపూ రెండూ తెలిసినవారు, నా నడుము దగ్గరికి వచ్చేసరికి విడుపును మాత్రమే గుర్తుంచుకొని పట్టును మరిచిపోవడం ఏ మర్యాద?

నన్ను ఎక్కువగా బాధించేది తమరి నిష్క్రమణ కాదు, దాని చుట్టూ అల్లిన నాటకం. తమరి కిందనే ఉన్న పాలియెస్టర్ గుడ్డకు ఎన్ని ఉతుకులు పడ్డా, తొడల మధ్య ఒక్కచోట తప్ప, చిన్న పిగులైనా లేదు, రంగు కూడా పెద్దగా వెలవలేదు. నాలుగు వేళ్ల వెడల్పైనా లేని తమరు సాగిపోయినంత మాత్రాన ఆ గుడ్డంతా తమరి వెంట చెత్తబుట్టకు నడవాలనీ, నేను కొత్త ప్యాంటు కొనుక్కోవాలనీ ఎవరు శాసించారు? జేబులో డబ్బు సాగదు గనుక ఆ శాసనాన్ని నేను ధిక్కరించాను.

నా తప్పు లేదనను. తమరిని వేడినీళ్లలో ఉతికాను, తెల్లబడాలని ఒకసారి క్లోరిన్ బ్లీచ్ కూడా చల్లాను, మండుటెండలో రోజంతా ఆరేశాను. స్పాండెక్స్‌కు ఈ మూడూ గిట్టవని తెలిసేసరికి ఆలస్యమైంది. గుడ్డ మెత్తబడాలని ఉతుకు చివర పోసే ద్రవం సంగతి వేరు: అది దారాల మీద పూతలా పేరుకొని, చెమటను పీల్చి బయటికి పంపే గుణాన్నే తగ్గిస్తుందట. సువాసన కోసం పోసి, చెమట కంపును ఇంట్లో పెట్టుకున్నానన్నమాట.

తమరు వదులైన ఫలితం నడుముతో ఆగలేదు. ప్యాంటు జారి, కాళ్లు కలిసే చోటి కుట్టు కిందికి దిగి, అడుగడుగునా తొడల మధ్య రాపిడికి గురై, చివరకు అక్కడొక చిల్లు పడింది. పై అధికారి అలసత్వానికి కిందివాళ్లు బలికావడం కొత్తేమీ కాదు గాని, ఈసారి చల్లగాలి నాకు తగిలింది.

సరే, తమరి ఖాళీని భర్తీ చేయక తప్పలేదు. కొత్త నియామకానికి డబ్బు లేదు, కాబట్టి బదిలీ. మోకాళ్ల దగ్గర చిరిగి మూలన పడి ఉన్న ఇంకో పాత ప్యాంటులో ఎలాస్టిక్ ఇంకా గట్టిగా ఉంది. అయితే తమరిని పదవి నుంచి దించడం అంత సులువు కాలేదు. పైజామా బొందులాగా ఒక కొస పట్టి లాగితే వస్తారనుకున్నాను; తమరు నాలుగు వరుసల కుట్లతో గుడ్డను కరుచుకొని ఉన్నారు. బిగువు పోయినా కుర్చీ వదలకపోవడమంటే ఇదే. చిన్న బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ తెంచడానికి రెండు సాయంత్రాలు పట్టింది. కొత్తవారిని నా నడుము కొలత కంటే ఐదారు సెంటీమీటర్లు తక్కువగా కత్తిరించి, ఒక కొసకు పిన్నీసు గుచ్చి, మడతలో దూర్చి చుట్టూ తిప్పి తెచ్చాను. సగం దారిలో రెండో కొస లోపలికి జారిపోయింది, మళ్లీ మొదటి నుంచి. (ఆ కొసను కూడా ఇంకో పిన్నీసుతో గుడ్డకు గుచ్చి ఉంచాలని ఆ తర్వాతే బుర్రకు తట్టింది.) కొసలు రెండింటినీ మెలిపడకుండా ఒకదానిమీద ఒకటి రెండు సెంటీమీటర్లు పరిచి కుట్టాను.

దారం దగ్గర మరో పాఠం. ఇంట్లో ఉన్న నూలు దారంతో తిన్నగా కుట్టేస్తే, ప్యాంటు తుంటి దాటేలోపే కుట్టు టప్‌మని తెగింది. సాగే గుడ్డకు సాగని కుట్టు వేస్తే జరిగేది అదే. పాలియెస్టర్ దారం తీసుకొని, మిషన్ మీద అడ్డంగా అటూ ఇటూ పోయే జిగ్‌జాగ్ కుట్టు వేశాక నిలిచింది. చేత్తో కుట్టినచోట ప్రతిసారీ సూదిని కాస్త వెనక్కి తెచ్చి గుచ్చే వెనక కుట్టు వేసి, రెండు మూడు కుట్లకొకసారి గుడ్డను కాస్త సాగదీసి చూసుకున్నాను.

సూది విషయంలోనూ తమరి జాతికి అహంకారం ఎక్కువ. మామూలు మొనసూది అల్లిక గుడ్డలోని ఉచ్చులను కోసేస్తుంది. ఒక ఉచ్చు తెగితే నిచ్చెనలాగా గుడ్డంతా విడిపోతుంది. అందుకని 75 నంబరు బాల్ పాయింట్ సూది పెట్టాను. దాని కాడ మందం 0.75 మిల్లీమీటర్లు, మొన కొద్దిగా గుండ్రం, దారాలను చీల్చకుండా పక్కకు తప్పించి వెళుతుంది. తొడ దగ్గరి చిల్లుకు అదే పాత ప్యాంటు పిక్క భాగం నుంచి మాసిక తీశాను. గుడ్డ ఎటు సాగుతుందో మాసిక కూడా అటే సాగేలా చూశాను, మూలలు గుండ్రంగా కత్తిరించాను, ఎందుకంటే కోణాల మూలలే ముందు లేస్తాయి. లోపలి నుంచి వేశాను గనుక బయటికి కనిపించేది కుట్టు మాత్రమే. ఆ తర్వాత అణగాలని ఇస్త్రీపెట్టె వేడిగా పెట్టడం నా అతితెలివి. పాలియెస్టర్ మీద అరచేతి వెడల్పు మెరిసే మచ్చ తేలింది. ఈ పాపం మాత్రం తమరి ఖాతాలో వేయలేను.

తమరి రాజీనామా ఆమోదించబడింది. కట్టెలో కాగితాలో కట్టడానికైనా పనికొస్తారేమోనని లాగి చూశాను, లాగినంతా వచ్చి అక్కడే ఆగిపోయారు. పింఛను మంజూరు చేయలేకపోతున్నందుకు చింతిస్తున్నాను.

ఇట్లు,
ఈ ఉదయం నాలుగో కిలోమీటరును రెండు చేతులూ ఊపుకుంటూ దాటిన
తమరి మాజీ నడుము యజమాని